బంతిలో దాటిపోయిన పళ్ళెం

నాకు సువార్త మొదట తెచ్చింది గాజులామె. పాస్టరుగారు కాదు, పెద్ద సభల్లో మైకు పట్టుకునే ప్రసంగీకులూ కాదు. భుజాన గాజుల మలారం వేలాడేసుకుని, నెత్తిన గంప పెట్టుకుని మా కొత్తవాడ గల్లీల్లో తిరిగే మనిషి. డెబ్బయ్యో దశకం మొదట్లో, నేను కాపురానికి వచ్చిన కొత్తలో, మా అరుగు మీద కూర్చుని నా చేతికి సబ్బునురగ రాసి, వేళ్ళన్నీ ఒక్కచోటికి నొక్కిపట్టి, గాజు ఎక్కిస్తూ చెప్పింది. గాజు సగం ఎక్కాక ఆడమనిషి ఎక్కడికి లేచిపోతుంది? కదిలితే గాజు పగులుతుంది, చెయ్యి కోసుకుపోతుంది. అది మణికట్టు దాటేదాకా ఆమె ఏం చెప్పినా వినవలసిందే. అట్లా నేను ప్రభువు పుట్టిన సంగతి ఎడమచేతి గాజులతోనూ, ఆయన సిలువ సంగతి కుడిచేతి గాజులతోనూ విన్నాను.

మా అత్తమ్మ గడపలో కూర్చుని కండెలు చుడుతూ ఒక చెవి ఇటు పెట్టి ఉంచేది. మాది జంపఖానాలు నేసే ఇల్లు. లోపల గుంటమగ్గం మీద మా ఆయన, గడపలో రాట్నం ముందు అత్తమ్మ, ఈ ఇద్దరికీ మధ్య పనికీ మాటకీ నేను. అత్తమ్మ పొట్టి మనిషి. నడుముకు ఆకువక్కల సంచి, నోట్లో ఎప్పుడూ ఎర్రగా పండిన తాంబూలం. మగ్గం చప్పుడు మీదుగా కూడా ఎదురింటికి వినిపించే గొంతు.

"ఏమే, గాజులు అమ్ముకునేటందుకు దేవుని కత చెప్తాన్నవా, దేవుని కత చెప్పుకునేటందుకు గాజులు అమ్ముతాన్నవా?" అని అడిగింది ఒకరోజు.

గాజులామె నవ్వింది. "రెండిటికీ ఒక్కటే నెత్తి ఉన్నదక్కా."

"గట్లయితే కత ఇన్నందుకు మా కోడలికి రెండు గాజులు కొసరెయ్యి."

గాజులామె కొసరు వేసింది. అప్పట్నుంచీ ఆమె వచ్చినప్పుడల్లా మా అత్తమ్మ కథ మధ్యలో లేవకుండా, చివరిదాకా, కొసరు చేతికి వచ్చేదాకా విన్నది. మా ఇంట్లో వాక్యం అట్లా గాజుల మీద కొసరుగా అడుగుపెట్టింది. దేవునికి స్తోత్రం, ఆయన ఏ దారిన వచ్చినా వచ్చాడు.

నేను బడికి పోలేదు. అక్షరాలు మా ఆయన నేర్పాడు, మగ్గం కర్ర మీద సుద్దముక్కతో రాసి. నూలుకట్టల మీది చీటీలు చదవడానికి పనికొస్తుందని ఆయన ఉద్దేశం. గాజులామె ఇచ్చిపోయిన చిన్న సువార్త పుస్తకం చదువుకోవాలని నా ఉద్దేశం. ఎవరి ఉద్దేశం ఎట్లా ఉన్నా అక్షరాలు మాత్రం వచ్చాయి. వచ్చాక మొదట నన్ను పట్టుకున్న మాట, కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పింది. అది మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన మగ్గం ఆపి ఆలోచించాడు.

"ఆయన కట్టె కోసే వడ్లపని చేసిండు గాబట్టి గట్ల అన్నడు. ఈడ కుడిచెయ్యి సంగతి ఎడమచేతికి తెల్వకపోతే అటూ ఇటూ నూలు మోసే నాడె పోయి నేల మీద పడతది" అన్నాడు.

నాకు నవ్వు వచ్చింది కానీ ఆ మాట మాత్రం నన్ను వదలలేదు. ఏ పని చేసినా, ఇది ఎందుకు చేస్తున్నాను అని లోపల ఎవరో అడుగుతున్నట్టు ఉండేది. తర్వాత నేను బాప్తిస్మం తీసుకుని చేరిన మా సంఘంలో ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉంది. వంటకు బియ్యం తీసినప్పుడల్లా పిడికెడు దేవునికని వేరే కుండలో వేసి, ఆదివారం తీసుకుపోతారు. నేనూ వేసేదాన్ని. అత్తమ్మ చూస్తుంటే నా పిడికిలి చిన్నదయ్యేది. పక్కింటి విశ్వాసురాలు కూరకు ఉప్పు అడగడానికి వచ్చి నిలబడితే అదే పిడికిలి పెద్దదయ్యేది. ఎవరూ చూడనప్పుడు ఎంత ఉండేదో నాకే తెలియదు. ఎందుకంటే అప్పుడు నన్ను నేనే చూస్తూ ఉండేదాన్ని.

ఇక మా ఆయన మందిరానికి వచ్చిన విధం. మా సంఘానిది చిన్న పెంకుల హాలు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు, అందరం నేల మీదే. కింద పరచడానికి ఒక పెద్ద జంపఖానా కావాలని పెద్దలు అనుకుంటే, నేను ఇంటికొచ్చి చెప్పాను. ఆయన మూరకర్ర పట్టుకుని నేల కొలవడానికి వచ్చాడు. ఆరాధన ఇంకా అయిపోలేదు. అయిపోయేదాకా ఆగుదామని వెనుక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాతి వారం, కొలత సరిగ్గా తీసుకోలేదని మళ్ళీ వచ్చాడు. ఆ మూడోవారానికి మూరకర్ర మరిచిపోయి వచ్చాడు. ఎర్రచారలూ నీలిచారలూ వేసి ఆయన నేసిన జంపఖానా ఆ హాల్లో పరిచిన నాడు, తెచ్చిన వాడు కూడా దాని మీదే ఉండిపోయాడు.

కొడుకూ కోడలూ ఆదివారం తలుపు దగ్గరికి వేసి పోతుంటే అత్తమ్మ ఊరుకుంటుందా? "ఆడ ఏం మందు పెడ్తాన్రో నేను గూడ చూస్త" అని వెంట బయల్దేరింది. మొదట్లో గుమ్మం దగ్గరే, చెప్పులకు కాపలా ఉన్నట్టు కూర్చునేది. పాటలు మొదలైతే తాళం కోసం కాస్త లోపలికి జరిగేది. ఆ జరగడం కొన్నేళ్ళు సాగింది. ఎనభయ్యో దశకం వచ్చేసరికి ఆడవాళ్ళ వరసలో నా పక్కన, తన కొడుకు నేసిన ఎర్రచార మీద, ఇది నా ఇల్లే అన్నట్టు కూర్చునేది. మందిరంలో గట్టిగా పాడే గొంతు ఎవరిదని అడిగితే, రాగం సంగతి దేవుడెరుగు, అందరూ మా అత్తమ్మనే చూపించేవారు.

నెలకొకసారి మొదటి ఆదివారం ప్రభువు బల్ల. బాప్తిస్మం పొందినవాళ్ళు మాత్రమే రొట్టె తీసుకోవాలి. పాస్టరుగారు ఆ మాట చెప్పగానే అత్తమ్మ లేచి బయటికి పోయి, వేపచెట్టు కింద ఆకు వేసుకుని వచ్చేది. అది తాంబూలానికి ఇచ్చే విరామం అనే ఆమె అనుకున్నట్టుంది. కానీ ఒక ఆదివారం మోకాలు పట్టేసింది. లేవలేకపోయింది. "ఏమైతది తీ, కూసుంట" అని నా పక్కనే ఉండిపోయింది.

పళ్ళెం పట్టుకుని వరస వెంబడి వస్తున్నది మా సంఘపెద్ద. ఆయన రైల్వేలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగి. సన్నగా, నిటారుగా ఉండేవాడు. ఆదివారం తెల్లబట్టలు వేసుకున్నా మనకు నల్లకోటే కనబడేది. మంచి మనిషి, దేవుని భయం ఉన్నవాడు. అయితే రైలుపెట్టెలోకి ఎక్కిన ప్రతివాణ్ణీ టికెట్ అడిగి అడిగి అలవాటైన ఆయన చూపు మనిషి మీద పడితే మనకు తెలియకుండానే మనం జేబు తడుముకుంటాం.

పళ్ళెం నా దగ్గరికి వచ్చింది, నేను తీసుకున్నాను. తర్వాత అత్తమ్మ చెయ్యి చాపింది. ఆయన ఒక్క క్షణం ఆగాడు. నొచ్చుకున్నట్టు తల కొంచెం వంచి, ఆమెను దాటి, అటు పక్కావిడకు పళ్ళెం అందించాడు.

అత్తమ్మ చెయ్యి గాలిలో ఉండిపోయింది. తర్వాత ఆ చేత్తోనే కొంగు సర్దుకుంది, అందుకే చాపినట్టు.

ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట లేదు. మా అత్తమ్మ మాట్లాడకుండా అంత దూరం నడవడం మా ఆయన పుట్టి బుద్ధెరిగాక చూడలేదట. ఇంట్లో కాలు పెట్టాక మొదలైంది.

"నా కొడుకు నేసిన జంపఖాన. దానికి నూలు కండెలు చుట్టింది నేను. దాని మీద నన్ను కూసోబెట్టి, కోడలికి పెట్టి, నన్ను దాటి, అవుతలామెకు పెడ్తరా? ఏ ఊర్లనన్న బంతిల కూసున్న మనిషిని దాటి వడ్డిస్తరా? శత్రువుల పెండ్లిల గూడ ఇస్తరాకు ముందల పెట్టినంక బువ్వ పెట్టకుంట పోరు!"

"అత్తమ్మా, అది బువ్వ కాదు..." అన్నాను.

"నాకు తెల్వదా? గోరంత రొట్టె. కడుపు నిండుతదని చాపిన్నా చెయ్యి?"

బంతి భోజనాల్లో ఒక మనిషి ఆకును దాటి పోవడం అంటే మా వైపు ఏమిటో చెప్పనక్కరలేదు. పదేళ్ళ తర్వాత కూడా ఆ ఇంటి గడప తొక్కనివాళ్ళు ఉన్నారు. కాబట్టి ఇక ఆమె మందిరానికి రాదని నేను భయపడ్డాను. ఆమె మాత్రం రెండు రోజులు రాట్నం తిప్పి తిప్పి, మూడోనాడు చెప్పింది.

"నాకు గూడ బాప్తిస్మం ఇయ్యుమని చెప్పు మీ పాస్టరుకు."

నేను ఏళ్ళ తరబడి ప్రార్థించిన మాట అది. వినగానే కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆ కళ్ళనీళ్ళలోనే, ఇకమీదట ఆదివారం మందిరానికి బయల్దేరేముందు వంటపని మిగిలిందని అత్తమ్మ నన్ను సతాయించదన్న సంతోషం కూడా కొంత కలిసి ఉందని నాకు తెలుసు. ఎంత పాలు అని కొలవబోయి మానుకున్నాను.

మా సంఘంలో బాప్తిస్మాలు ఏడాదికి ఒకసారే. వానలు వెనక్కి పట్టి ధర్మసాగర్ చెరువు నిండుగా ఉన్నప్పుడు, ఒక బస్సు మాట్లాడుకుని అందరం పోయేవాళ్ళం. అప్పటికి అది రెండు మూడు వారాల్లో ఉంది. పోయే ముందు సంఘపెద్ద ఒక్కొక్కరి ఇంటికీ వచ్చి, ఎందుకు తీసుకుంటున్నావు అని అడిగే పద్ధతి. మా ఇంటికీ వచ్చాడు. మగ్గం పక్కన పీట వేశాను. అత్తమ్మ కొత్తచీర కట్టుకుని, నోట్లో తాంబూలం కూడా ఉమ్మేసి, మర్యాదగా కూర్చుంది. ఏం చెప్పాలో ముందురోజే నేను కొంచెం నేర్పి పెట్టాను. ఆమె ఒక్క ముక్క కూడా గుర్తు పెట్టుకోలేదు.

"అమ్మా, మీకు బాప్తిస్మం ఎందుకు గావాలె?" అన్నాడు ఆయన.

"నువ్వు నన్ను దాటిపోయినవ్ గద పెద్దయ్యా. మల్లొకసారి దాటకుంట ఉండెటందుకు."

నేను గోడకేసి చూశాను. మా ఆయన దారం తెగకున్నా తెగినట్టు ముడి వేయడం మొదలుపెట్టాడు.

"అంతేనా?" అన్నాడు ఆయన.

"ఇంకేం గావాలె? అందరు తింటాంటే నేను ఊకె చూస్తనా?"

ఆయన పీట మీద కొంచెం ముందుకు జరిగాడు. "అమ్మా, ఏమనుకోకుండ్రి. ఇది భక్తి గాదు, రోషం. రోషంతోని నీళ్ళల్ల దిగితే బట్టలు తడుస్తయి, అంతే. ఒక్క ఏడు ఆగుండ్రి. మనసు నిమ్మలమైనంక నేనే వచ్చి అడుగుత."

"వచ్చేయేడు ఈ మోకాళ్ళుంటయా పెద్దయ్యా? ఉన్నా నేను అడుగ. బంతిల నుంచి లేపిన ఇంటికి రెండోసారి పోయే రకం కాదు నేను."

ఆయన లేచి చెప్పులేసుకుంటుంటే వెనుకనుంచి అన్నది, "సర్గానికి పోయే బండిల గూడ ఈయనే టికెట్లు అడిగేటట్టున్నడు!"

నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయాను కానీ, నవ్విన తర్వాత కూర్చుని ఏడ్చాను. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఉద్దేశం శుద్ధంగా ఉండాలి, నిజమే. ఆమె చెప్పింది కూడా అబద్ధం కాదు. నేర్పిన మాటలు అప్పజెప్పి ఉంటే ఆయన సంతోషంగా ఒప్పుకునేవాడే. ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు ఆమె వెనక్కి ఉండిపోయింది. ఇప్పుడు పట్టిన పంతంతో ఎప్పటికీ ఉండిపోతుంది. ఏం చేయాలో నాకు తోచలేదు.

ఆ వారం గాజులామె వచ్చింది. అప్పటికి ఆమె జుట్టు నెరిసింది, గంప తేలికయింది. చేతికి నురగ రాస్తుంటే ఈ బాధంతా చెప్పి, ఎప్పుడో అత్తమ్మ అడిగిన మాట మళ్ళీ నేను అడిగాను. నవ్వుకు కాదు, నిజంగానే.

"అక్కా, నువ్వు గాజుల కోసం తిరుగుతవా, ప్రభువు కోసం తిరుగుతవా? నిజం చెప్పు."

ఆమె గాజు ఎక్కిస్తూనే చెప్పింది. "పొద్దుగాల గంప ఎత్తుకున్నప్పుడు కడుపు కోసమే బిడ్డా. రెండు గల్లీలు తిరిగి, నీ అసోంటోళ్ళ చెయ్యి పట్టుకున్నంక ఆయన కోసమైతది. మిట్టమధ్యానం ఎండ కొట్టినంక మల్ల కడుపు కోసమే. ఇంటికి పోయినంక చెప్త ఆయనకు, ఇయ్యాల గిట్లయింది అని. ఆయన ఊకుంటడు."

"ఏమనడా?"

"ఏమంటడు? మల్ల తెల్లారి నా గంప తోనే లేస్తడు."

ఆ మాట ఆమె గాజు కోసమే చెప్పినట్టు, అప్పుడే గాజు మణికట్టు దాటింది.

ఆదివారం అత్తమ్మ మందిరానికి రానంటుందని అనుకున్నాను. నాకంటే ముందే తయారైంది. అయితే లోపలికి రాలేదు. గుమ్మం మెట్టు మీద, మొదట్లో కూర్చునే చోటే, కాళ్ళు చాపుకుని కూర్చుంది. వచ్చిన ప్రతివాళ్ళనూ ఆపి అడగడం మొదలుపెట్టింది.

"నువ్వెందుకచ్చినవ్ బిడ్డా?"

మొదట వచ్చింది మా వాడకట్టు ఆవిడ. "ప్రార్థనకు వచ్చిన పెద్దమ్మా."

"నిజంగ చెప్పు."

ఆవిడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "ఇంట్ల ఉంటే మా అత్త కాళ్ళు ఒత్తుమంటది. ఈడ జర నడుము వాలుతది."

"మంచిదే, పో లోపటికి."

ఇంకా పెళ్ళికాని ఒక పిల్లవాడు దువ్విన జుట్టు మళ్ళీ దువ్వుకుంటూ వచ్చాడు. "వాక్యం కోసం అవ్వా" అన్నాడు.

"వాక్యం ఆడోళ్ళ దిక్కు కూసున్నదా? పోయినారం అంతసేపు అటే చూసినవ్!"

వాడు చెప్పులు విడవడం కూడా మరిచి లోపలికి ఉరికాడు. మా ఆయనను అడిగితే నిజాయితీగా, "నేల కొలువ వచ్చిన" అన్నాడు. నన్ను అడిగితే, "నీ కొసరు గాజుల వల్ల" అన్నాను. పాస్టరుగారు నవ్వి, "నేను రాకుంటే మీరు ఊకుంటరా అమ్మా?" అన్నాడు. "అది గూడ మాటనే" అని ఆయనను పంపించింది.

చివర వచ్చాడు సంఘపెద్ద. అప్పటికే లోపల పాట మొదలైంది. ఆయన పక్కనుంచి పోబోతే, అత్తమ్మ కాళ్ళు ముడుచుకోలేదు.

"మరి నువ్వెందుకచ్చినవ్ పెద్దయ్యా?"

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. నేను లోపలినుంచి చూస్తున్నాను, ఆయన చెయ్యి జేబు దగ్గరికి పోయింది. ఆమె కాళ్ళు దాటి లోపలికి వచ్చాడు. ఆరోజు ఆయన ప్రార్థన చాలా చిన్నదిగా ఉండింది.

బస్సు ఇక శనివారం బయల్దేరుతుందనగా, బుధవారం పొద్దున ఆయన మా ఇంటికి వచ్చాడు. పీట వేయబోతే వద్దని, మగ్గం గుంట అంచున, మా ఆయన పక్కన, కాళ్ళు లోపలికి వేలాడేసుకుని కూర్చున్నాడు. అత్తమ్మ రాట్నం ఆపలేదు.

"అమ్మా, మీరు అడిగిన దానికి జవాబు చెప్త" అన్నాడు.

"చెప్పు. చెవులు కాళీనే ఉన్నయ్."

"మాది స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు. నేను పోరగానిగ ఉన్నప్పుడు మా ఊరికి ఒక పాదిరిగారు పెట్టెబండి మీద హార్మోనియం తీసుకచ్చేది. దాన్ని ముట్టుకోవాలని నాకు పాణం కొట్టుకునేది. సంఘపోళ్ళు తప్ప దాన్ని ముట్టొద్దన్నరు. బాప్తిస్మం తీసుకుంటే ముట్టనిస్తరా అని అడిగిన. పాదిరిగారు నవ్వి ఊకున్నడు. పోయి తీసుకున్న."

రాట్నం ఆగింది.

"నీళ్ళల్ల మునిగేటప్పుడు నా కండ్ల ముందల ఉన్నది సిలువ గాదమ్మా. హార్మోనియం పెట్టె."

"మరి వాయించినవా?"

"వారం రోజులు. నాకు రాగం రాదని తేలింది. మల్ల ముట్టనియ్యలే." ఆయన నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూడడం అదే మొదటిసారి. "హార్మోనియం రాలే. ఆయన మాత్రం ఉండిపోయిండు. ముప్పై ఏండ్లు దాటింది, ఇంకా పోలే. మొన్న మీరు అడిగినంక లెక్క చూసుకుంటే తెలిసింది, నేనే టికెట్ లేకుంట ఎక్కినోన్ని."

అత్తమ్మ సంచి విప్పి, ఆకు తీసి, ఈనె గిల్లి, సున్నం రాసి, మడిచి ఆయన చేతికి ఇచ్చింది. ఆయన తాంబూలం వేసుకునే మనిషి కాదు. అయినా నోట్లో పెట్టుకున్నాడు.

"శనివారం బస్సుల మీకో సీటున్నది" అన్నాడు, ఆకుతో ఒక దవడ ఉబ్బి ఉండగానే.

"మరి నా రోషం?"

"అది గూడ ఎక్కుతది. మునిగినంక దాని సంగతి ఆయన చూస్కుంటడు. తనిఖీ నాది గాదు."

అత్తమ్మ ఒప్పుకుంది. ఒప్పుకున్నాక మరో అనుమానం వచ్చింది. "ధర్మసాగర్ నీళ్ళే గద మన నల్లాల వచ్చేది? మన పాపాలన్ని ఆడ కడుక్కుంటే, తెల్లారి నల్లా విప్పంగనే మల్ల మన బిందెలకే వస్తయ్ గద పెద్దయ్యా?"

ఆయన ఆలోచించి, "మరుగబెట్టుకోని తాగుండ్రి" అన్నాడు.

శనివారం చెరువు గట్టుదాకా నిండి ఉంది. గాలికి నీళ్ళు చిన్నచిన్న మడతలు పడుతున్నాయి. పాస్టరుగారు నడుములోతు నీళ్ళలో ఉన్నాడు. మోకాళ్ళు బాగాలేని అత్తమ్మను ఒకపక్క నేను, ఒకపక్క సంఘపెద్ద పట్టుకుని దింపాం. నీళ్ళు మోకాలు దాటేసరికి ఆమె ఆగింది. నడుముకున్న ఆకువక్కల సంచి విప్పి ఆయన చేతికిచ్చింది.

"తడవనియ్యకు. నీకు ఈనె తీసి పెట్టిన ఆకు ఇందులనే ఉన్నది."

ఆయన ఆ సంచిని, ప్రభువు బల్ల పళ్ళెం పట్టుకున్నట్టే రెండు చేతులా పైకెత్తి పట్టుకుని నీళ్ళలో నిలబడ్డాడు. పాస్టరుగారు ముంచి లేపాడు. లేచి, ఊపిరి తీసుకుని, ముఖం తుడుచుకోకుండానే అత్తమ్మ గట్టిగా పాట ఎత్తుకుంది. గట్టు మీద అందరూ అందుకున్నారు. రాగం సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆ నీళ్ళలో ఆమె ఏం అడిగిందో, ఆమె రోషం ఏమైందో నాకు తెలియదు. నేను అడగలేదు. ఆమె తల తుడుస్తూ, ప్రభువా స్తోత్రం, ప్రభువా స్తోత్రం అనుకుంటూ ఉన్నాను. అందులో నా ఆదివారం వంట గురించి ఎంత పాలు ఉందో ఆరోజు వెతకలేదు.

తర్వాతి మొదటి ఆదివారం. అదే ఎర్రచార మీద అత్తమ్మ. ఆమెకు ఇవతల నేను. అవతల కొత్తగా వస్తున్న ఒక కూలిపనామె, రఘునాథపల్లి వైపునుంచి మా వాడకు పనికి వచ్చిన మనిషి, నలుగురు ఎట్లా కూర్చుంటే అట్లా కూర్చుని చూస్తోంది. పళ్ళెం వచ్చింది. సంఘపెద్ద అత్తమ్మ ముందు ఆగి, కొంచెం వంగి, మామూలుకంటే ఒక క్షణం ఎక్కువసేపే పట్టుకున్నాడు. ఆమె తీసుకుంది. కళ్ళు మూసుకుంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పళ్ళెం కదిలింది. పక్కనున్న కూలిపనామె చెయ్యి చాపింది. పళ్ళెం ఆగి, ఆమెను దాటిపోయింది.

ఆ చెయ్యి గాలిలో ఉండిపోయింది.

నేను గట్టిగా కళ్ళు మూసుకున్నాను, అత్తమ్మ ఇప్పుడు ఏం అరుస్తుందో అని. అరవలేదు. కళ్ళు తెరిచి చూస్తే, నోట్లో రొట్టె మింగిందో లేదో, ఆమె మెల్లగా వంగి, చాపి ఉన్న ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, కొంగు కింద దాచుకుంది. ఎవరికీ కనబడకుండా.

"ఫికర్ జెయ్యకు బిడ్డా" అని గుసగుసగా అన్నది, అంటే హాలంతా వినబడేట్టు. "వచ్చేయేడు చెరువు నిండనీ. ఈ పెద్దయ్య వచ్చి ఎందుకని అడుగుతడు. ఉన్నదున్నట్టు చెప్పు."

పళ్ళెం పట్టుకున్న పెద్దాయన వెనక్కి తిరగలేదు. భుజాలు మాత్రం కదిలాయి. నవ్వాడనే నేను అనుకుంటున్నాను.

అత్తమ్మ ప్రభువు సన్నిధికి పోయి చాలా ఏళ్ళయింది. గాజులామె కూడా పోయింది. ఆమె ఎక్కించిన గాజులు పగిలిపోయాయి, చెప్పిన మాట ఉంది. ఆ ఎర్రచారల జంపఖానా అంచులు చీకిపోతే మా ఆయన కొత్తది నేసి ఇచ్చాడు, ఈసారి కొలతకు పోకుండానే.

సంఘపెద్ద మాత్రం ఉన్నాడు. మంచం మీద ఉన్నాడు. మనుషులను గుర్తుపట్టడు. సొంత కొడుకును కూడా ఒక్కోసారి ఎవరని అడుగుతాడు. కానీ గుమ్మంలోకి ఎవరు వచ్చినా తల ఎత్తి అడిగే మాట ఒక్కటే: "ఎందుకచ్చినవ్?"

మొన్న నేను పోయినప్పుడూ అడిగాడు.

"మిమ్ముల చూద్దామని వచ్చిన" అన్నాను.

మళ్ళీ అడిగాడు. "ఎందుకచ్చినవ్?"

"ప్రార్థన చేద్దామని."

మళ్ళీ అదే ప్రశ్న. చూపు కొంచెం గట్టిపడింది. నేను మా అత్తమ్మను తలుచుకున్నాను.

"మీ కోడలు చాయ్ మంచిగ పెడతది. అందుకు గూడ" అన్నాను.

ఆయన ముఖం విచ్చుకుంది. పక్కకు జరిగి, మంచం మీద నాకు చోటిచ్చాడు.

ఇది చదువుతున్నవారు మీ ప్రార్థనలో ఆయనను ఒక్కసారి తలుచుకోండి. పేరు అక్కర్లేదు, ప్రభువుకు తెలుసు. హార్మోనియం కోసం వచ్చినవాడని చెబితే చాలు. ఎందుకు తలుచుకుంటున్నామో అని మాత్రం మిమ్మల్ని మీరు ఎక్కువగా అడగకండి. నేను అడిగినందుకు తలుచుకున్నా సరే.